చంటిబిడ్డకో రంగుల బొంత

చేత్తో అల్లిన దుప్పటిని కానుకగా ఇవ్వడం ఇప్పుడు కొత్త ముచ్చట. నెల్లూరుకు పడమట, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆ కానుక పాత చీరల్లోంచి ఎప్పటినుంచో పుడుతూనే ఉంది.

పొద్దు నడినెత్తి దాటింది. ఉదయగిరి దుర్గం కొండ రాళ్ళు కాగి, ఆ సెగ కింది పల్లెల్లోకి దిగుతోంది. వేపచెట్టు నీడ పడిన అరుగు మీద ఈతచాప వేసి, దాని మీద పాత నేతచీర ఒకటి పరిచారు. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టారు. ఆ చీర మీద మరో చీర, దాని మీద వెలిసిన పంచె, అన్నిటికీ పైన కుంకుమరంగు అంచున్న ముదురాకుపచ్చ చీర. ముగ్గురు ఆడవాళ్ళు మూడు వైపులా కూచున్నారు. పెద్దావిడ దారం కొసను పెదాల మధ్య తడిపి సూదిలోకి ఎక్కించింది.

"పాపా, ఆ అంచు కాడ ముడత పడిండాది చూడు. బిగించి లాగు. ముడత మీద కుట్టామంటే బిడ్డ వీపుకి గుచ్చుకుంటది."

పాప అంటే పెళ్ళయిన మనవరాలు. పురిటికని బెంగళూరు నుంచి పుట్టింటికి వచ్చింది. ఆమె చేతిలో ఫోను. అందులో ఎవరో అమ్మాయి ఊలు దారంతో గళ్ళుగళ్ళుగా దుప్పటి అల్లుతోంది. నడిమధ్యన బిడ్డ పేరు.

"ఇట్టాంటిది ఒకటి తెప్పిద్దామనుకున్నానవ్వా. వేలల్లో చెప్తన్నారు."

అవ్వ ఫోను తీసుకుని చేయి చాపినంత దూరాన పెట్టుకుని చూసింది. "బాగుండాది. పనితనం ఉండాది. అయితే ఇది ఊలు గదా, మన ఎండకి బిడ్డ ఉడికిపోదా?"

మేలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలైన సీమలో ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. ఏ దేశపు చలికో పుట్టిన ముచ్చటను మన ఎండలోకి తెచ్చుకునేటప్పుడు దాన్ని మన గుడ్డతో, మన చేతులతో మళ్ళీ కుట్టుకోవాలి. ఆ విద్య ఈ అరుగుల మీద ఇంకా బతికే ఉంది. కానీ రోజురోజుకీ సన్నగిల్లిపోతోంది.

మళ్ళీ చేతికొచ్చిన అల్లిక

2020లో కరోనా తలుపులు మూయించినప్పుడు చాలామంది ఆడపిల్లలు ఫోనులో చూసి క్రోషియా పట్టారు. మొదట చిన్న పూలు, తాళంచెవుల బొమ్మలు. తర్వాత బారసాలకు, సీమంతానికి దుప్పట్లు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి అల్లి పెడుతున్నారు. పడమటి దేశాల్లో 'ఉష్ణోగ్రత దుప్పటి' అని ఇంకో ముచ్చట ఉంది. రోజుకో వరస, ఆ రోజు ఎండో చలో దాన్నిబట్టి రంగు. బిడ్డ పుట్టిన ఏడాదంతా ఆ దుప్పట్లో ఉంటుంది. ఉదయగిరిలో అది అల్లితే సగానికి పైగా ఎరుపే! పుష్యమాసంలో నాలుగు వరసలు నీలం కనబడితే గొప్ప.

అల్లిక మనకు కొత్తేమీ కాదు. ఒక తరం వెనకటి ఆడపిల్లల బడుల్లో కుట్లు అల్లికల పీరియడ్ ఉండేది. టైలరింగు, ఎంబ్రాయిడరీల్లో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి క్రాఫ్ట్ టీచర్లయిన వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనబడేవాళ్ళు. టీవీ మీద, రేడియో మీద కప్పిన తెల్ల లేసు గుడ్డలు ఆ చేతుల పనే. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో అయితే లేసు అల్లిక ఊళ్ళకు ఊళ్ళనే పోషించింది. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండు మిషనరీలు నేర్పిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రెండు పొడుగు సూదులతో అల్లేది నిట్టింగు. ఒకే కొక్కెం సూదితో ముడి వెంట ముడి లాగేది క్రోషియా. ఇప్పుడు రీల్సులో తిరుగుతున్నవి ఎక్కువగా రెండో రకమే. ఎక్కడ ఆపినా కుట్లు జారవు, చిన్న చదరాలుగా అల్లి చివర్న కలుపుకోవచ్చు. వంట మధ్యలో పిలుపు, బిడ్డ ఏడుపు, బస్సు ప్రయాణం... దేనికీ పని చెడదు.

---
▣ రెండు ముప్పావు ఎకరాల దుప్పటి

● 2016 జనవరి 31న చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషియా దుప్పటి పరిచి గిన్నిస్‌కెక్కింది. మన లెక్కలో దాదాపు రెండు ముప్పావు ఎకరాల చేను.

● గళ్ళుగా అల్లి కలిపే 'గ్రానీ స్క్వేర్' నమూనా 1885లోనే అమెరికాలో 'ప్రైరీ ఫార్మర్' అనే రైతుల పత్రికలో అచ్చయింది. మిగిలిపోయిన ముక్క దారాలను వాడుకునే ఉపాయమది.

---

గొర్రెలున్నాయి, ఊలు లేదు

ఉదయగిరి నుంచి సీతారామపురం వైపో, ఆత్మకూరు నుంచి మర్రిపాడు వైపో వెళ్ళండి. రోడ్డుకడ్డంగా గొర్రెల మంద రాకుండా దారి సాగదు. ఇన్ని గొర్రెలున్న సీమలో ఊలు దుప్పటి నేసేవాళ్ళు ఎందుకు కనబడరు? జవాబు గొర్రె ఒంటి మీదే ఉంది. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తయిన జాతి. ముఖాన నల్లమచ్చలున్న జోడిపి, ఒళ్ళంతా తెల్లనైన పల్ల, ఎర్రమట్టి రంగు దొర అని మూడు రకాలు. మూడింటికీ ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే, ఊలు కాదు. ఈ ఎండలో ఊలు మోస్తూ బతకలేమని ఆ జీవాలు ఏనాడో తేల్చుకున్నాయి.

ఊలు కావాలంటే పైకి, దక్కను పీఠభూమికి ఎక్కాలి. అనంతపురంలో, తెలంగాణలో కురుబలు, కురుమలు దక్కనీ గొర్రెల నల్లబొచ్చు కత్తిరించి, వడికి, గుంటమగ్గం మీద గొంగడి నేస్తారు. చింతగింజల గంజి పట్టించి బిగువు తెస్తారు. ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, పెళ్ళిలో వధూవరులకు పీట. కాపరికి ఇంతకుమించిన ఆస్తి లేదు. కానీ చంటిబిడ్డ ఒంటికి అది ముళ్ళకంపే.

అందుకే నెల్లూరు పడమటి పల్లెల్లో బిడ్డ కింద పరిచేదీ, బిడ్డను చుట్టేదీ నూలుగుడ్డ. అదీ కొత్తది కాదు. పుట్టిన బిడ్డకు పాతచీరల పొత్తిగుడ్డలే వాడాలన్నది పెద్దల కట్టుబాటు. దిష్టి తగులుతుందని కొత్తగుడ్డ వద్దంటారు. నాకు మాత్రం అందులో అనుభవమే ఎక్కువ కనబడుతుంది. వందలసార్లు ఉతికిన నూలులో గంజి ఉండదు, కారే రంగు ఉండదు, గరుకు ఉండదు. మగ్గం మీంచి అప్పుడే దిగిన గుడ్డకు ఆ మెత్తదనం ఎక్కడిది?

సూది వెంట అరవై వరసలు

బొంత కుట్టడం చూసేవాళ్ళకు సులువుగా ఉంటుంది. కూచుంటే తెలుస్తుంది. ముందు చీరలన్నీ ఉతికి ఎండేయాలి. చిరుగున్న చోటు కత్తిరించాలి. ఇంకా గట్టిగా ఉన్న చీర పైకీ కిందికీ, చీకిపోయినవి నడుమకు. అంచు విడదీసి పక్కన పెడితే చివర్లో చుట్టూ కట్టడానికి పనికొస్తుంది. చీర ఐదున్నర మీటర్లు. ఆరు మడతలు వేస్తే మడతకు తొంభై సెంటీమీటర్లు చిల్లర. చంటిపిల్ల బొంతకు ఒక్క చీరే చాలన్నమాట. అయినా ఒక్క చీరతో ఎవరూ కుట్టరు. ఎందుకో కొంచెం ఆగి చెప్తాను.

పరిచింది కుదిరాక పొడుగు పొడుగు కుట్లతో ముందు పోగులేస్తారు, పొరలు జారకుండా. ఆ తర్వాత అసలు కుట్టు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చేవాళ్ళు కొందరు, నాగటిచాలులా ఇటునుంచి అటు పోయేవాళ్ళు కొందరు. వరసకూ వరసకూ నడుమ వేలెడు సందు. లెక్కేసి చూడండి: తొంభై సెంటీమీటర్ల వెడల్పున సందుకు ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున అరవై వరసలు, ఒక్కో వరస మీటరుకు పైచిలుకు. అంటే దాదాపు డెబ్భై మీటర్ల కుట్టు. సెంటీమీటరుకోసారి సూది దిగి లేచిందనుకుంటే ఏడువేల సార్లు. ఇది చంటిదానికే. పెద్దమంచం బొంతకైతే అరుగు మీద మనుషులు మారతారు తప్ప పని తెగదు.

అందుకే బొంత ఎండాకాలపు పని. చేలో పనుండదు, మధ్యాహ్నం నిద్రపట్టదు. ఇరుగుపొరుగు వచ్చి ఒక్కో చాలు కుట్టి పోతారు. మాటలు నడుస్తుంటాయి. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి కొడుకు కువైట్ నుంచి డబ్బు పంపలేదు, సోమశిల జలాశయం నీళ్ళు ఈసారి ఎంతవరకొస్తాయి అన్నీ ఆ చాపమీదే తేలతాయి. చూపు ఆననివాళ్ళకు పిల్లలు సూదిలో దారం ఎక్కించి వరసగా చాపకు గుచ్చి పెడతారు. పని నేర్చుకోవడం అక్కడే మొదలు.

ఎవరి చీర?

ఒక్క చీర చాలినా నాలుగు చీరలు ఎందుకు వేస్తారంటే, ఆ నలుగురూ బిడ్డ దగ్గర ఉండాలని. అమ్మమ్మ చీర, నాయనమ్మ చీర, మేనత్త ఓణీ, తాత పంచె. కుట్టేటప్పుడే పేర్లు చెప్పుకుంటారు. ఇది మీ అమ్మ పెళ్ళికి పెట్టింది. ఇది పాటూరు నేత, తాత తెచ్చింది. ఇది ఎన్టీఆర్ హయాంలో సగం ధరకిచ్చిన జనతా చీర, కట్టీ కట్టీ ఇట్టా అయింది. బిడ్డ పేరు అల్లిన దుప్పటిలో బిడ్డ, మహా అయితే అమ్మానాన్నలు ఉంటారు. బొంతలో ఇంటిల్లిపాదీ ఉంటారు. రెండూ ప్రేమే, కాదనను. కానీ డబ్బిచ్చి తెప్పించుకోలేనిది రెండోదే.

పోయినవాళ్ళ చీరలను కొన్ని ఇళ్ళలో ఇచ్చేస్తారు, కొన్ని ఇళ్ళలో ఒక్కటి దాస్తారు. దాచిన ఆ ఒక్కటీ మనవడి బొంతలోకి చేరడం నేను విన్న ముచ్చట్లన్నిటిలో మనసుకు దగ్గరైనది. సముద్రాల అవతల అమెరికాలో, అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. పత్తిచేలల్లో బానిసలుగా మగ్గినవాళ్ళ వారసులది. అక్కడ మిజూరి పెట్‌వే అనే ఆమె 1942లో భర్త చనిపోతే, ఆయన పనిలో వేసుకున్న బట్టలతో బొంత కుట్టుకుంది. ఆయన్ను తలుచుకోవడానికి, చలికి కప్పుకోవడానికి. ఆ పల్లె ఆడవాళ్ళ బొంతలను 2002లో హ్యూస్టన్ కళా మ్యూజియం గోడలకు వేలాడదీస్తే, ఆధునిక చిత్రకళ అని లోకం నివ్వెరపోయింది. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి.

బెంగాల్లో కాంథా, మరాఠీ నాట గోధడి, కన్నడ సీమలో కౌది అన్నీ బొంతకు తోబుట్టువులే. ఉత్తర కన్నడలోని సిద్దీ ఆడవాళ్ళు బొంత మూలల్లో రంగుగుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వులు కుడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత బోసిపోయినట్టేనని వాళ్ళ లెక్క. కాంథాను పట్టణాల దుకాణాల్లో అద్దాల వెనక పెట్టి అమ్ముతున్నారు. మన బొంత మాత్రం అటక మీద ఉంది.

నూలుచీర కరువైంది

బొంత వెనకబడడానికి ఓపిక తగ్గడమొక్కటే కారణమనుకుంటే పొరపాటు. అసలు కరువు గుడ్డకు. 1980ల నాటికి నైలాను, పాలిస్టరు చీరలు పల్లె సంతల్లోకి దిగాయి. 1985 నాటి జాతీయ జవుళి విధానం కృత్రిమ దారాలకు తలుపు బార్లా తెరిచింది. ఉతికితే ఇట్టే ఆరుతుంది, చిరగదు, ఇస్త్రీ అక్కర్లేదు, చవక. చేలో పనిచేసే ఆడమనిషికి అంతకంటే ఏం కావాలి? ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ చీర పాతబడదు, మెత్తబడదు, చెమట పీల్చదు. పొరలుగా పరిస్తే జారిపోతుంది. కుట్టినా బిడ్డ కింద చిత్తడి అలాగే నిలుస్తుంది. కట్టేది పాలిస్టరు అయినప్పుడు కుట్టేందుకు నూలు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకో పక్కనుంచి రగ్గులొచ్చాయి. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ జిప్పు సంచిలో మడిచిన మందపాటి పూలరగ్గు ఉండేది. ఇప్పుడవి ఆత్మకూరు బజార్లోనే దొరుకుతాయి. ఇక చవక దుప్పట్ల సంగతి. హర్యానాలోని పానిపట్‌కు పడమటి దేశాలు పారేసిన ఉన్నిబట్టలు టన్నులకొద్దీ వస్తాయి. వాటిని చీల్చి, మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. తుపానులొచ్చినప్పుడు పంచేవాటిలో అలాంటివీ ఉంటాయి. పాతగుడ్డను దుప్పటి చేయడమే అదీనూ. కాకపోతే ఎవరి కోటో, ఎవరి చొక్కానో మనకు తెలియదు.

కానుక సరే, కూలి?

ఇల్లాలి చేతిపనికి ఖరీదు కట్టడం మనకు అలవాటు లేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు ఆడవాళ్ళ మధ్య ఉండి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో కూచుని 'ఖాళీ సమయంలో' చేస్తున్నారనే పేరు పెట్టి వాళ్ళకు దక్కాల్సిన కూలిని ఎలా కోసేశారో ఆమె చూపించింది. రోజంతా అల్లినవాళ్ళు గృహిణులయ్యారు, ఆ లేసును ఎగుమతి చేసినవాళ్ళు వ్యాపారులయ్యారు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, పట్నాల్లో ఉన్న మనవరాళ్ళు చేతి బొంత కావాలని అడగడం మొదలుపెట్టారు. ఊళ్ళో కుట్టగలిగిన పెద్దవాళ్ళు ఉన్నారు. అడిగేవాళ్ళు చీరలు పంపి, "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టి పెట్టు పిన్నీ" అంటారు. ఏడువేల పోట్ల పనికి ఒక జాకెట్టు గుడ్డ ఇచ్చి సరిపెడతారు. సొంతవాళ్ళు ప్రేమతో కుట్టింది వేరు, అక్కడ లెక్క వద్దు. కుట్టించుకునేటప్పుడు మాత్రం రోజుకూలి కట్టి, దానికి దారం, సూది, నడుంనొప్పి కలపాలి. కంప్యూటర్ ముందు కూచున్న గంటకు మనం ఎంత తీసుకుంటున్నామో తెలుసు కదా.

---
▣ చంటిబిడ్డకు ఇచ్చేముందు

● దారమైతే నూలు దారం ఎంచుకోండి. ఊలు పేరుతో దొరికేవి చాలావరకు అక్రిలిక్. గాలాడదు.

● రంగుకు సరిపడా దారం ఒకేసారి, ఒకే లాట్ నంబరుతో కొనండి. తర్వాత కొన్నది ఛాయ తేడా వస్తుంది.

● అల్లికలో పెద్ద రంధ్రాలు వద్దు. పసివేళ్ళు ఇరుక్కుంటాయి. పూసలు, గుండీలు, వేలాడే కుచ్చులు కూడా వద్దు.

● ఏడాది నిండేదాకా నిద్రపోయే బిడ్డ మీద వదులుగా ఏ దుప్పటీ కప్పవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. ముఖం మీదికి జారితే ప్రమాదం. ఎత్తుకుని తిరిగేటప్పుడు, ఒడిలో పడుకోబెట్టుకున్నప్పుడు, మెలకువగా ఆడుకునేటప్పుడు వాడండి.

● ఇచ్చేముందు రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి.

---

రెండు తరాల చేతులు ఒక్క గుడ్డ మీద

కొత్త అల్లికకూ పాత బొంతకూ పోటీ పెట్టాల్సిన పనేం లేదు. మనవరాలికి కొక్కెం సూది వచ్చు, అవ్వకు దబ్బనం వచ్చు. నడుమ చీరల బొంత, చుట్టూ నూలుదారంతో నాలుగు వేళ్ళ క్రోషియా అంచు. ఒక మూల బిడ్డ పేరు, ఇంకో మూల ఏ చీర ఎవరిదో రంగుదారంతో రాసిన అక్షరాలు. ఎండాకాలం కింద పరుచుకోవచ్చు, మార్గశిరంలో చుట్టుకోవచ్చు. నూలుచీర లేనివాళ్ళు వెంకటగిరి నేత ఒకటి కొని రెండేళ్ళు కట్టి, అప్పుడు బొంతకివ్వొచ్చు. ముందు కట్టుకున్న సంతోషం, తర్వాత ఇచ్చిన సంతోషం. నేతగాడికీ ఒక చీర అమ్ముడుపోతుంది.

ఇంకొక్క మాట ఉదయగిరికే చెప్పాలని ఉంది. దుర్గం కొండల నర్ది, దేవదారు, బిక్కి చెక్కలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే పని ఈ ఊరికి పేరు తెచ్చింది. భౌగోళిక గుర్తింపూ తెచ్చింది. ఆ పనిలో ఆడవాళ్ళే ఎక్కువ. కాడ నున్నగా తీసి, కొసన పిట్టముక్కంత కొక్కెం చెక్కితే అదే క్రోషియా సూది. చెక్కసూది చేతికి వెచ్చగా ఉంటుంది, దారం జారదు, అందుకే అల్లేవాళ్ళు దాన్ని ఇష్టపడతారు. ఆకు, చేప, నెమలి ఆకారాలను చెంచా కాడకు తెచ్చిన చేతులకు ఇది పెద్ద పని కాదు. నాలుగు మిల్లీమీటర్ల సూదులు ఓ పది చెక్కి, బొంత కుట్టే అరుగుల మీదికి పంపి, పట్టుకుని చూడమంటే చాలు. కాడ ఎంత లావుండాలో, కొక్కెం ఎంత లోతుండాలో వాళ్ళే చెప్తారు.